ముందు లోపల, తర్వాత కేబుల్



బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెలు, తాళ్లు, టి.సి. కోసం దరఖాస్తు, చివరి రోజున స్నేహితులతో ఫొటోలు. అలాంటి ఒక రోజున షిల్లాంగ్‌లో మా పాత వ్యాన్ మాకొక పాఠం చెప్పింది. దాన్నే ఈ సంచికలో కలిసి చదువుకుందాం.

ఇంటి ముందు రోడ్డు వాలుగా ఉంది. హ్యాండ్ బ్రేక్ లాగి సామాను ఎక్కిస్తున్నాం. పుస్తకాల పెట్టెలు పడేసరికి వ్యాన్ మెల్లగా వెనక్కి కదిలింది. వెనకాల మా చిన్నవాడు పూలకుండీ పట్టుకొని నిలబడి ఉన్నాడు. "పక్కకి జరగరా!" అని మేము అరిచేలోగా చక్రం కాలువ గట్టుకు తగిలి ఆగింది. కుండీ పగిలింది. వాడికి ఏమీ కాలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. లాగిన బ్రేకు ఎందుకు పట్టలేదు?

డ్రమ్ము లోపల

వెనుక చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె లాంటిది డ్రమ్ము. దాని లోపల చంద్రవంక ఆకారంలో రెండు బ్రేక్ షూలు ఉంటాయి. వాటి బయటి వైపున అంటించిన పొరే లైనింగ్. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి వీల్ సిలిండర్‌లోని పిస్టన్లు కదిలి షూలను డ్రమ్ముకు నొక్కుతాయి. రాపిడి వల్ల బండి గతిశక్తి వేడిగా మారుతుంది. కాలు తీస్తే స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి.

హ్యాండ్ బ్రేక్‌కు ఆయిల్‌తో పని లేదు. లివర్ లాగితే ఉక్కు కేబుల్ బిగుస్తుంది. దాని చివర డ్రమ్ములో ఉన్న చిన్న మీట అవే షూలను బయటికి తోస్తుంది. దారులు రెండు, పట్టే షూలు మాత్రం అవే. ఈ మాట గుర్తుంచుకోండి.

లైనింగ్ అరిగేకొద్దీ షూకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. పెడల్ లోతుకు దిగుతుంది, లివర్ పైపైకి లేస్తుంది. ఆ ఖాళీని తగ్గించడానికి చాలా బండ్లలో షూల మధ్య మర ఉన్న కడ్డీ, దానిమీద నక్షత్రంలా పళ్లున్న చిన్న చక్రం ఉంటాయి. కొన్ని బండ్లలో అది తనంతట తానే తిరుగుతుంది. తుప్పు పట్టి బిగుసుకుపోతే తిరగదు.

మా తప్పు

అంతకుముందు మూడు ఊళ్లలో, లివర్ ఎత్తుకు లేచిన ప్రతిసారీ "కాస్త టైట్ చేయండి" అన్నాం. కేబుల్ నట్టు బిగించారు. డ్రమ్ము విప్పించలేదు. ఎలాగూ బదిలీ అవుతుంది, కొత్త ఊళ్లో చూసుకోవచ్చులే అనుకున్నాం. షిల్లాంగ్ మిస్త్రీ విప్పి చూపించాడు. లైనింగ్ దాదాపు అరిగిపోయింది. ఒక వైపు పళ్లచక్రం కదలడమే లేదు. కేబుల్ బిగింపు ఆ అరుగుదలను మా కంటికి కనబడకుండా చేసింది. కేబుల్ అతిగా బిగిస్తే ఇంకో నష్టం కూడా ఉంది. షూలు పూర్తిగా వెనక్కి రాక డ్రమ్మును రాసుకుంటూ వేడెక్కుతాయి. "సార్, ముందు లోపల, తర్వాత కేబుల్" అన్నాడు మిస్త్రీ హిందీలో.

సరిచేసే క్రమం

1. బండిని గట్టి, సమతలమైన నేలమీద నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు చెక్కలు పెట్టాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా వదలాలి. జాకీతో వెనుక భాగం లేపి, బరువును స్టాండ్ల మీదికి దించాలి. జాకీ ఒక్కటే మోస్తున్న బండి కిందికి ఎవరూ వెళ్లకూడదు.

2. కేబుల్ నట్టు వదులు చేసి, డ్రమ్ము విప్పి లైనింగ్ మందం చూడాలి. సిలిండర్ కారుతోందేమో పరీక్షించాలి. ఆయిల్‌తో తడిసిన లైనింగ్‌ను మార్చాల్సిందే, అదీ రెండు చక్రాలకూ. లోపలి దుమ్మును నోటితో గానీ గాలిపంపుతో గానీ ఊదకూడదు. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవాలి.

3. డ్రమ్ము తిరిగి ఎక్కించి, పళ్లచక్రాన్ని తిప్పుతూ పోవాలి. బండి చక్రం చేతికి తిరగనంతగా బిగిశాక, హాయిగా తిరిగేంత వరకూ మళ్లీ వెనక్కి తిప్పాలి. పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కితే షూలు సరైన చోట కుదురుకుంటాయి. మరోసారి చూసుకుని, రెండో వైపూ అలాగే చేయాలి.

4. ఇప్పుడు కేబుల్ వంతు. లివర్ లాగేటప్పుడు వినిపించే క్లిక్కులు లెక్కపెట్టాలి. ఎన్ని ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అన్ని క్లిక్కులకు రెండు చక్రాలూ సమానంగా బిగియాలి. లివర్ వదిలితే రెండూ ధారాళంగా తిరగాలి.

5. బండి దించాక, ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి పెడల్ చూడాలి. ఆ తర్వాతే చిన్న వాలులో హ్యాండ్ బ్రేక్ పరీక్షించాలి.

ఈ పని తెలిసిన పెద్దలదే. మీరు చేయగలిగినవీ ఉన్నాయి. నిలిపిన బండి వెనుక ఆడకండి. ఇంట్లో వాళ్లు హ్యాండ్ బ్రేక్ లాగేటప్పుడు క్లిక్కులు లెక్కపెట్టండి, పెరుగుతుంటే చెప్పండి. ఎడ్లబండిని వాలులో ఆపితే మన పెద్దలు చక్రం కింద రాయి పెట్టేవారు. బ్రేకు బాగున్నా, వాలులో ఇప్పుడు మేమూ పెడుతున్నాం.

మీరు ఏ ఊరు వెళ్లినా మీ మార్కులు, టీకాల వివరాలు కాగితాల మీద మీ వెంట వస్తాయి. మా వ్యాన్‌కు అలాంటిదేమీ లేకపోయింది. ఇప్పుడు దానికీ ఒక నోటుపుస్తకం ఉంది. ఏ ఊళ్లో ఏం విప్పారో, ఏం మార్చారో తేదీతో సహా రాస్తున్నాం. మొదటి పేజీలో రాసింది మా చిన్నవాడే.

ఆలోచించి రాయండి

1. కేబుల్ కంటే ముందు షూలను ఎందుకు సరిచేయాలి?
2. లైనింగ్ అరిగితే పెడల్‌లో, లివర్‌లో ఏ మార్పులు కనిపిస్తాయి?
3. మీ ఇంట్లో బదిలీ వల్ల వాయిదా పడిన ఒక పని గురించి ఐదు వాక్యాలు రాయండి.