నర్సింగ్, మెడిసిన్, ఫార్మసీ చదువుకు అప్పు: సంతకానికి ముందు ఏం సరిపోల్చుకోవాలి?

సీటు వచ్చింది. ఫీజు కట్టడానికి వారం గడువు. అప్పుడే అసలు తిప్పలు మొదలవుతాయి. ఈ మధ్య ఒక తండ్రి మా కార్యాలయానికి వచ్చి అడిగారు: "సార్, బ్యాంకోళ్లు తిప్పుతున్నరు. ఫైనాన్సోళ్లు రెండు రోజుల్లో ఇస్తమంటున్నరు. సంతకం పెట్టమంటరా?"

ఆయన ప్రశ్నకు జవాబే ఈ పాఠం. ఒక్క మాటలో చెప్పాలంటే, అప్పు ఎంత త్వరగా వస్తుందన్నది తర్వాత చూడండి. ప్రభుత్వ వడ్డీ రాయితీకి మీకు అర్హత ఉందో లేదో ముందు తేల్చుకోండి.

అసలు అప్పు ఎంత కావాలి?

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా సీటు వచ్చిందా? అయితే ముందు ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత చూసుకోండి. దానికి పోను మిగిలిన ఫీజు, హాస్టల్, పుస్తకాల ఖర్చుకే అప్పు తీసుకోండి. ఇస్తున్నారు కదా అని ఎక్కువ తీసుకోవద్దు.

అప్పు ఇచ్చేవాళ్లు రెండు రకాలు

1. షెడ్యూల్డ్ బ్యాంకులు. ఇవి ప్రభుత్వ బ్యాంకులు కావచ్చు, ప్రైవేటు బ్యాంకులు కావచ్చు. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ తయారు చేసిన నమూనా విద్యారుణ పథకం కింద ఇస్తే, 4 లక్షల వరకు మీ చేతి నుంచి వాటా పెట్టనక్కర్లేదు. కేంద్రం క్రెడిట్ గ్యారంటీ ఉన్నందున 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు, మూడో వ్యక్తి జామీను లేకుండా ఇవ్వొచ్చు. తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. కోర్సు కాలం, ఆపై ఒక ఏడాది వరకు కిస్తీ మొదలుకాదు. తర్వాత తీర్చడానికి 15 ఏళ్ల వరకు గడువు ఉంటుంది.

2. ఫైనాన్స్ కంపెనీలు. వీటిలో పని త్వరగా అవుతుంది, కాగితాలు తక్కువ. కానీ సాధారణంగా వడ్డీ ఎక్కువ. చాలాచోట్ల చదువుకునే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టాలి.

అసలు తేడా ఇక్కడుంది

కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉంటే, కోర్సు కాలానికీ ఆపై ఒక ఏడాదికీ 10 లక్షల వరకు అప్పు మీద పూర్తి వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. షెడ్యూల్డ్ బ్యాంకు నుంచి, పైన చెప్పిన నమూనా పథకం కింద తీసుకున్న అప్పుకే ఇది వర్తిస్తుంది. ఫైనాన్స్ కంపెనీ అప్పుకు వర్తించదు. కాలేజీకి గుర్తింపు కూడా ఉండాలి. న్యాక్, ఎన్‌బీఏ పరిధిలోకి రాని నర్సింగ్, మెడికల్ కోర్సులకు ఆయా కౌన్సిళ్ల ఆమోదం చూస్తారు. చదువు మధ్యలో మానేస్తే, అనారోగ్య కారణమైతే తప్ప, రాయితీ పోతుంది.

ఆదాయం 8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ అందని వారికి, 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఇది ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలకే. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో చూసుకోండి. మేనేజ్‌మెంట్ కోటా సీటైతే రాయితీ వర్తిస్తుందా అని బ్యాంకులో ముందే అడగండి.

లెక్క వేసి చూద్దాం

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఏడాది మొదట్లో లక్ష చొప్పున మొత్తం 4 లక్షల అప్పు అనుకోండి. కోర్సు, ఆపై ఏడాది కలిపి ఐదేళ్లకు సాధారణ వడ్డీ. తర్వాత పదేళ్ల కిస్తీలు. వడ్డీ రేట్లు లెక్క కోసం తీసుకున్నవే.

• ఫైనాన్స్ కంపెనీ, 13 శాతం: ఐదేళ్ల వడ్డీ 1.82 లక్షలు. బాకీ 5.82 లక్షలు. నెల కిస్తీ సుమారు 8,690 రూపాయలు.
• బ్యాంకు, 10 శాతం, రాయితీ లేకుండా: వడ్డీ 1.40 లక్షలు. బాకీ 5.40 లక్షలు. కిస్తీ సుమారు 7,136.
• అదే బ్యాంకు, పూర్తి వడ్డీ రాయితీతో: బాకీ 4 లక్షలే. కిస్తీ సుమారు 5,286.

మొదటిదానికీ మూడోదానికీ నెలకు దాదాపు 3,400 తేడా. పదేళ్లకు 4 లక్షలు దాటుతుంది. అంటే తీసుకున్న అప్పంత! కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు జీతంలో నెలకు 3,400 అంటే చిన్న మొత్తం కాదు.

సంతకానికి ముందు ఈ ఐదు అడగండి

1. ముఖ్య వివరాల పత్రం ఇవ్వండి అని అడగండి. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ అప్పులన్నింటికీ దీన్ని ఇవ్వాలి. మీకు అర్థమయ్యే భాషలోనే ఉండాలి. ఆలోచించుకోవడానికి కనీసం మూడు పని దినాలు ఇవ్వాలి.
2. అందులో ఏపీఆర్ చూడండి. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, బీమా వంటి ఖర్చులన్నీ కలిపిన అసలు రేటు అదే. రెండు సంస్థల ఏపీఆర్‌లు పక్కపక్కన పెట్టి చూడండి.
3. వడ్డీ స్థిరమా, మారేదా? మారే వడ్డీ అయితే వ్యక్తిగత అప్పును ముందే తీర్చినా జరిమానా వేయకూడదు.
4. కిస్తీ ఎప్పుడు మొదలు? ఎంబీబీఎస్‌లో నాలుగున్నరేళ్ల చదువు తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. అది కూడా కోర్సు కాలంలో కలిపారని కాగితం మీద ఉండాలి. పీజీకి వెళ్తే ఏం చేస్తారో కూడా అడగండి.
5. చదువుకునేటప్పుడు పడే వడ్డీని అసలులో కలుపుతారా? ఎప్పుడు కలుపుతారు?

ఆలస్యం కాకుండా ఏం చేయాలి?

సీటు వచ్చేదాకా ఆగొద్దు. కౌన్సెలింగ్ మొదలవగానే మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. సీటు కేటాయింపు పత్రం చేతికి వచ్చిన రోజే విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేయండి. ఫీజుల వివరాల పత్రం కాలేజీ నుంచి తీసుకోండి. బ్యాంకు కుదరదంటే కారణం రాసివ్వమని అడగండి. సంస్థ మీద ఫిర్యాదు ఉంటే ముందు ఆ సంస్థకే రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఫోన్ 14448.

మీ కాలేజీకి రాయితీ వర్తించకపోతే, లేదా తాకట్టుకు ఆస్తి లేక పెద్ద మొత్తం కావాల్సి వస్తే, ఫైనాన్స్ కంపెనీకి వెళ్లడం తప్పేం కాదు. అయితే బ్యాంకు తలుపు తట్టి, రెండు ఏపీఆర్‌లు చూసిన తర్వాతే వెళ్లండి.

ఆ తండ్రికి కూడా ఇదే చెప్పాం: "రెండు రోజులు మిగులుతాయని పదేళ్లు కట్టుకోకండి." ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి ఇంటర్ బైపీసీ పిల్లల గ్రూపులో పంపండి.