కాలిబంతి వీరుడు బలరాం

మన ప్రబంధకవులు కందుకక్రీడను ముచ్చటగా వర్ణించారు. అయితే ఆ బంతి ఉద్యానవనాలలో కన్యల కరతలాలను తాకి ఎగిరే బంతి. బురదలో, ఎండలో, ఎదుటివారి కాలిదెబ్బలకు ఓర్చి ఆడే ఆటను వర్ణించే అవకాశం వారికి రాలేదు. వచ్చి ఉంటే తులసీదాస్ బలరాంను వారు విడిచిపెట్టేవారు కారని నా నమ్మకం.

ఆయన 2023 ఫిబ్రవరి 16న ఎనభై ఆరేళ్ళ వయస్సులో కోల్‌కతాలో కన్నుమూశారు. మరునాడు పాకాలలో మా తరగతిలో ఆ పేరు చెప్పగా విద్యార్థులలో ఒక్కరూ గుర్తించలేదు. భాగవతంలోని బలరాముడా అని ఒకరు అడిగారు. తప్పు వారిది కాదు. మా ఊరి మైదానాలలో సాయంకాలం వినిపించేది క్రికెట్ మాటే. ఈ పేరు చెప్పవలసిన పెద్దలమూ చెప్పలేదు.

బలరాం 1936లో సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో జన్మించారు. తమిళ ఇంట పుట్టి తెలుగుగడ్డపై పెరగడం మా చిత్తూరు సీమవారికి వింతగా తోచదు. కొడుకు చదువుకొని సర్కారు కొలువు సంపాదించాలని తల్లి ముత్తమ్మ కోరిక. కొడుకు మనస్సు మాత్రం బంతి మీదనే.

ఆ రోజులలో మన ఆటగాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతోనే ఆడేవారు. 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో మన జట్టు 1-10 గోల్స్‌తో పరాజయం పాలైన తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. బూట్లు కొనే స్తోమత బలరాంకు లేదు. లాలాగూడ బజారులో చెప్పులు కుట్టే ఒకాయనను బతిమాలగా, పోలీసులు వాడి పారవేసిన బూట్లను విప్పి ఒక జత తయారుచేసి ఇచ్చాడు. వెల రెండు రూపాయలు. ఒలింపిక్ క్రీడాకారుని తొలి బూట్లవి!

ఆయన ఆటను హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీం చూశారు. ఒకప్పుడు బడిపంతులైన రహీం ఆ జట్టుకు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు సాధించిపెట్టిన మేధావి. సికింద్రాబాదు నుండి రోజూ శిక్షణకు రావడానికి డబ్బు లేదని బలరాం చెప్పగా, సైకిలు అద్దె తామే ఇచ్చి రప్పించుకొన్నారు. గురువు శిష్యుణ్ణి వెదకి పట్టుకోవడమంటే ఇదే.

1956లో హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ ఏడే బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్ళారు. భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. తరువాత ఆయన కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో హంగేరీపై ఒక గోలు, పెరూపై ఒక గోలు చేశారు. ఆ రెండు ఆటలలోనూ మనవారు ఓడారు. అయినా మహాబలమైన హంగేరీపై 1-2 తేడాతో ఓడడం తలవంపు కాదు.

1962 జకార్తా ఆసియా క్రీడలను గూర్చి కొంత నిలిచి చెప్పుకోవాలి. గురువు రహీం అప్పటికే క్యాన్సర్‌తో కృశిస్తున్నారు. క్రీడలలోకి ఇజ్రాయెల్, తైవాన్‌లను రానీయని తీరును ఒక భారతీయ ప్రతినిధి విమర్శించడంతో స్థానిక ప్రజలు మనవారిపై ఆగ్రహించారు. మన జాతీయగీతం వినిపించినప్పుడు సైతం గేలి చేశారు. దెబ్బ తగిలిన ఆటగాని బదులు మరొకరిని దింపే సౌకర్యం ఆనాడు లేదు. థాయిలాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడిన ఆ తలతోనే ఆయన తన రక్షణస్థానం విడిచి ముందువరుసలో ఆడారు. థాయిలాండ్‌పై, జపాన్‌పై బలరాం గోల్స్ చేశారు. సెప్టెంబరు 4న జరిగిన అంతిమ పోటీలో పి.కె. బెనర్జీ, జర్నైల్ చేసిన గోల్స్‌తో భారత్ 2-1 తేడాతో దక్షిణ కొరియాను ఓడించింది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం దక్కలేదు.

మరుసటి ఏడు, 1963 జూన్‌లో రహీం మరణించారు. అదే ఏడు ఊపిరితిత్తుల వ్యాధి బలరాం ఆటను ముగించింది. అప్పటికి ఆయన ఇంకా యువకుడే. దెబ్బలను లెక్కచేయని ఆ దేహాన్ని లోపలి శత్రువు లొంగదీసింది.

బెనర్జీ, చూనీ గోస్వామి, బలరాం అని ముగ్గురినీ ఒక్క ఊపిరిలో తలచుకోవడం ఫుట్‌బాల్ అభిమానులకు అలవాటు. చూనీకి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ లభించింది. బలరాంకు 1962లో అర్జున పురస్కారం వచ్చింది గాని పద్మ పురస్కారం రాలేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు. దాచుకోవలసిన అవసరమూ లేదని నేననుకొంటాను. తనకు రావలసినది రాలేదని నిక్కచ్చిగా చెప్పడం కూడ పాతకాలపు పౌరుషమే. అవివాహితుడైన ఆయన హుగ్లీ నదీతీరాన ఉత్తర్‌పారాలో ఒంటరిగా జీవితం గడిపారు. మిత్రులిద్దరూ 2020లోనే వెళ్ళిపోయారు.

ఆ తరువాత 2024లో రహీం జీవితంపై ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చింది. అందులో అమ్ముగూడ కుర్రవాడు కూడ ఒక పాత్ర. దానిని చూసిన మా విద్యార్థి ఒకడు వచ్చి, “అయ్యా, ఆ రోజు మీరు చెప్పిన బలరాం ఈయనేనా?” అని అడిగాడు.