యౌవనస్థులకు బాధ్యత అప్పగించుడి



1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపములో బేడెన్ పవెల్ సుమారు 20 మంది బాలురతో మొదటి స్కౌటు శిబిరము నడిపించెను. ధనికుల పిల్లలను, కార్మికుల పిల్లలను కలిపి నాలుగు దళములు చేసి, ఒక్కొక్క దళమును ఒక బాలునికే అప్పగించెను. మన దేశములో 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ కూడ ఈ దళ పద్ధతినే అనుసరించుచున్నది.

మంగళవాడ పిల్లలు పావగడ కొండకోట ఎక్కునప్పుడు నీళ్ల లెక్క ఒకరికి, మందుల పెట్టె ఒకరికి, వెనుకబడినవారితో నడచుట ఒకరికి అప్పగించుడి. పెద్దలు వెంట ఉండవలెను. అయితే పిల్లల పని తాము లాగుకొనరాదు. నీళ్లు చాలకపోయిన ఒక్కరోజు నేర్పునది మన వంద హెచ్చరికలు నేర్పలేవు.

ఆలోచించుడి: పదిహేనేండ్ల మన బిడ్డకు నమ్మి అప్పగించిన పని ఏది?