ఒకరి భారము ఒకరు మోయుట

వాక్యభాగము: గలతీ. 6:1-5, మత్తయి 25:31-40

వానలు తప్పిన యేట అప్పుకొరకు ఒకరి గడప త్రొక్కుట ఎంత కష్టమో పల్లెలలో నుండు మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ కష్టమును తీర్చుటకు పాటుపడిన యొక జర్మను విశ్వాసిని గూర్చి ఈ నెల ధ్యానింతము.

ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజన్ 1818లో హామ్ అను పల్లెలో పుట్టెను. తండ్రి సేద్యగాడు, కొంతకాలము ఆ ఊరి మేయరుగ నుండెను. తండ్రి జబ్బుపడగా తొమ్మండుగురు బిడ్డలుగల ఆ కుటుంబము బీదదాయెను. ఊరి పాదిరిగారే బాలునికి చదువు చెప్పిరి. పెరిగి సైన్యములో చేరెను గాని కన్నుల జబ్బువలన దానిని విడిచి, 1845లో వెయర్‌బుష్ ప్రాంతపు పల్లెలకు మేయరాయెను.

1846-47 చలికాలమున కరవు వచ్చెను. సర్కారు పిండి పంపెను గాని రొక్కమునకే ఇమ్మనెను. రొక్కమున్నవాడు ఆకలితో ఏల ఉండును? రైఫైజన్ దానిని బీదలకు అరువిచ్చెను. కలిగినవారిచేత సొమ్ము వేయించి, రొట్టెలు కాల్చు పొయ్యి కట్టించెను. 1849లో ఫ్లామర్స్‌ఫెల్డులో అరువదిమంది స్థితిపరులు పూచీపడగా, బీదరైతులకు పశువులు కొనియిచ్చి వాయిదాలమీద సొమ్ము తీర్చుకొనెను.

అయితే అక్కరలేనివారు పూచీపడు సాయము నిలువదని ఆయన క్రమముగా గ్రహించెను. ధనికుల ఉత్సాహము చల్లారెను. కాబట్టి 1864లో హెడ్డెస్‌డార్ఫులో క్రొత్త పద్ధతి పెట్టెను. అప్పు కోరువాడు తానే సభ్యుడై, తోటివారి అప్పులకును తన ఆస్తితో పూచీపడవలెను. ఒకరినొకరు ఎరిగిన పల్లెవారే సభ్యులు. పెద్దలు జీతము లేక పనిచేయవలెను.

పౌలు 2వ వచనమున ఒకరి భారము మరియొకరు మోయవలెననియు, 5వ వచనమున ఎవని బరువు వాడే మోసికొనవలెననియు చెప్పుచున్నాడు. ఇవి రెండును పొసగవని కొందరు తలంతురు. కాని ఆ పల్లెలో అవి ఒకే పద్దుపుస్తకములో పొసగెను. సాయము పొందినవాడు చేయి చాచువాడుగ మిగులక, సాయము చేయువాడాయెను.

చూపు మందగించి 1865లో ఉద్యోగము విడిచినను, మరుసటి యేటనే ఈ సంఘములను గూర్చి పుస్తకము ప్రకటించెను. 1888లో ప్రభువునందు నిద్రించెను. తరువాత మద్రాసు ప్రభుత్వము పంపిన ఫ్రెడరిక్ నికల్సన్ దొర ఇట్టి సంఘములను పరిశీలించి 1895, 1897లలో నివేదికలిచ్చెను. 1904లో సహకార పరపతి చట్టము వచ్చెను. నాడు మద్రాసు రాజధానిలో నుండిన మన కోస్తా, రాయలసీమ పల్లెలకును ఆ పద్ధతి ఇట్లు చేరెను.

ఆలోచించుటకు:

1. మన సంఘములో అక్కరలోనున్న కుటుంబమునకు చందాయిచ్చి ఊరకుందుమా, వారితోకూడ భారము మోయుదుమా?

2. తెలియనివానికి పూచీపడరాదని సామెతలు 11:15 హెచ్చరించుచున్నది. మన పొరుగువానిని మనము నిజముగ ఎరుగుదుమా?

3. తీసికొన్న అప్పు తీర్చకపోయిన, ఆ భారము ఏ సహోదరునిమీద పడును?

ప్రార్థన: ప్రభువా, మా బరువు మేము మోయుటకు బలమును, పొరుగువాని బరువు మోయుటకు ప్రేమను దయచేయుము. ఆమేన్.