స్నో ఆగాక పడే తుంపర

అవనిగడ్డ,
మధ్యాహ్నం మూడున్నర.

చిట్టితల్లీ,

నీకక్కడ తెల్లవారుజాము నాలుగై ఉంటుంది. రగ్గు తలదాకా లాక్కుని ముక్కుకొన ఒక్కటే బయట పెట్టి పడుకుని ఉంటావు, చిన్నప్పుడు ధనుర్మాసంలో అమ్మ ముగ్గు వేసొచ్చి ఎంత లేపినా అలాగే పడుకునేదానివి కదా. నేనిక్కడ భోంచేసి నడుం కూడా వాల్చకుండా, మీ డిమోయిన్ వాతావరణ కార్యాలయం వాళ్ళు రాసింది ఫోన్లో చదువుతూ కూర్చున్నాను. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాళ్ళు కొత్తది రాస్తారు. ఉద్యోగం రోజుల్లో బస్సులోంచి తపాలా సంచి దిగే వేళకి ఎలా ఎదురుచూసేవాణ్ణో, నువ్వు అమెరికాలోని ఏమ్స్‌కి వెళ్ళినప్పటినుంచీ ఈ మూడున్నరకి అలాగే ఎదురుచూస్తున్నాను.

ఇవాళ మధ్యాహ్నం నుంచి మీకు స్నో, 2 నుంచి 4 అంగుళాలు అని రాశారు. రాత్రి పొద్దుపోయాక అది తగ్గి ఫ్రీజింగ్ డ్రిజిల్ అన్నారు. అంగుళాలు విని అమ్మ కంగారుపడింది గానీ, తల్లీ, నాకు ఆ రెండో మాట దగ్గరే మనసు నిలవలేదు.

దాని సంగతి కూర్చుని నేర్చుకున్నాను. స్నో పడాలంటే ముందు మబ్బులో మంచు రేణువులు పుట్టాలి, మబ్బు పైకొస మన సెల్సియస్ లెక్కలో మైనస్ 10కి ఇంకా దిగువన ఉంటేగానీ అవి సరిగా పుట్టవు. తుఫాను దాటిపోయేటప్పుడు వెనకాలే పొడిగాలి వచ్చి ఆ పైపొరని ఆరబెట్టేస్తే, కింద మిగిలిన మబ్బులో రేణువులుండవు, వట్టి నీటి తుంపరే ఉంటుంది. అర మిల్లీమీటరు కూడా ఉండని చుక్కలు, అంత చలిలోనూ గడ్డకట్టకుండా నీళ్ళలాగే దిగివచ్చి, మెట్టునో కారు అద్దాన్నో తాకీ తాకగానే గాజుపూతలా పట్టేస్తాయి. స్నో అయితే తెల్లగా కనపడుతుంది, మనిషి జాగ్రత్తపడతాడు. ఇది కంటికి తడి రోడ్డులాగే ఉంటుంది. పైగా ఇది వచ్చేది స్నో ఆగాక. "స్నో ఆగింది నాన్నా, ల్యాబ్ నుంచి బయల్దేరుతున్నాను" అని నువ్వు మెసేజ్ పెట్టే వేళ సరిగ్గా అదే.

నేనింత పట్టి పట్టి ఎందుకు చదువుతానో నీకెప్పుడూ చెప్పలేదు. 1977 నవంబరు 19న నాకు పన్నెండేళ్ళు, నాగాయలంక దగ్గర ఉండేవాళ్ళం. తుఫాను వస్తోందని రేడియోలో మా తాత విన్నాడు. గాలి కదా అనుకుని తాటాకు ఇంటికి మోకులు బిగించి, గొడ్లని విప్పేసి కూర్చున్నాం. సముద్రం లేచి ఊళ్ళోకి నడిచొస్తుందని ఒక్కరికీ తోచలేదు. ఆ రాత్రి దివిసీమలో వేలమంది పోయారు. నన్ను తన చీరకొంగుతో తుమ్మచెట్టుకి కట్టేసి బతికించుకున్న మా నాయనమ్మ, తర్వాత ఎన్నేళ్ళకో కూడా, పప్పు ఏరుకుంటూనో వత్తులు చేసుకుంటూనో ఉన్నట్టుండి అనేది, "మాట విన్నాంరా, అర్థం చేసుకోలేకపోయాం" అని. ఆమె గొంతు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. అందుకే అక్కడ తెల్లవారుజామున నిద్ర మేలుకుని ఎవరో నీ కోసం రాసిన నాలుగు ముక్కలని పైపైన చూసి వదలలేను.

కాబట్టి ఇవాళ చీకటి పడకముందే గదికి వచ్చెయ్యి. కుదరకపోతే ల్యాబ్‌లోనే ఏ సోఫా మీదో పడుకో, నేనేమీ అనను. స్నేహితుల కారులో డిమోయిన్ వెళ్ళి సరుకులు తెచ్చుకోవడం రెండు రోజులు ఆగితే ఏం కాదు, కందిపప్పు లేకపోతే పెసరపప్పు వండుకో. ఆ 35వ నంబరు హైవే మీద వంతెనలే ముందు గడ్డకడతాయి, కింద నేల వెచ్చదనం ఉండదు, గాలి పైనా కిందా కూడా కోస్తుంది. మాఘమాసం పొద్దున్నే పులిగడ్డ వారధి ఎక్కగానే స్కూటరు వెనకాల కూర్చుని నా చొక్కా గట్టిగా పట్టుకునేదానివి, గుర్తుందా? నడవాల్సి వస్తే మన నాట్ల కూలీలు బురదలో నడిచినట్టు చిన్న చిన్న అడుగులు వేసి, పాదం మొత్తం ఆనించి నడువు. చేతులు జేబుల్లో పెట్టుకోకు.

నిన్న నువ్వు ఫోన్లో మాటల మధ్య అనేసి ఊరుకున్నావు, కింద వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడ మెట్ల మీద స్నో నువ్వే తీస్తున్నావని, ఆవిడ పొద్దున్నే కుక్కని తీసుకుని బయటికి వస్తుందని. అమ్మ వినలేదు, నేను విన్నాను. నీకు ఏడేళ్ళప్పుడు, ముసురు పట్టిన శ్రావణంలో నూతిగట్టు చుట్టూ పాచి పట్టేసింది. మజ్జిగ కోసం వచ్చే మామ్మగారు ఒకరోజు జారబోయి గిలక స్తంభం పట్టుకుని నిలదొక్కుకుంది. మర్నాడు నేను సైకిలు తీస్తుంటే నువ్వు నీళ్ళపొయ్యిలోంచి బూడిద చేటలోకి ఎత్తుకుని, గుమ్మం నుంచి నూతిదాకా పిడికెడు పిడికెడు చల్లుకుంటూ వెళ్తున్నావు. కడిగిన అరుగంతా బూడిద చేశావని అమ్మ కేకలేసింది. నువ్వు మాట్లాడలేదు, చేట ఖాళీ అయ్యేదాకా చల్లి, బూడిద చేతులు గౌనుకి తుడుచుకుని బడికి పోయావు. ఆ ఏడాది వానలు వెనకబట్టేదాకా రోజూ చల్లావు.

ఇప్పుడు బూడిద బదులు ఉప్పు. తుంపర మొదలయ్యాక కాదు, ముందే చల్లితే గాజుపూత మెట్టుకి అతుక్కోదు. ఎల్లుండికి మీ ఫారెన్‌హీట్ లెక్కలో 10 డిగ్రీలకి దిగుతుందని రాశారు. 15 దాటి దిగితే మామూలు ఉప్పు పెద్దగా పనిచెయ్యదు, అప్పటికి ఒక ఇసుక సంచి కూడా కొనిపెట్టుకో, ముందు ఆవిడ మెట్ల మీద చల్లి తర్వాత నీవి చూసుకో.

లేవగానే ఒక్క ముక్క మెసేజ్ పెట్టు. ఈ ఉత్తరం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నాను, అసలు కాగితం రేపు తపాలాలో వేస్తాను, స్నో అంతా కరిగాక ఎప్పుడో చేరుతుంది. మళ్ళీ సాయంత్రం సూచన మీకు నాలుగింటికి, అంటే నాకు రాత్రి మూడున్నర. అలారం పెట్టుకున్నాను.

నాన్న