దేశం కోల్పోయిన సేనాని

ఉద్దేశం: విజయం సాధించినా స్వదేశానికి చేరలేకపోయిన ఒక సేనాని, తనవారిని విడువక నిలిచిన తీరును విద్యార్థులకు తెలియజేయడం.

పాఠ్యభాగం

రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యాలు పంచుకోవడంతో 1795 నాటికి పోలండు దేశం పటం నుండి అదృశ్యమైంది. రష్యా ఏలుబడిలోని పోలిష్ ప్రాంతంలో 1892లో వ్లాదిస్లావ్ ఆండర్స్ జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన రష్యా చక్రవర్తి సైన్యంలో అశ్వికదళాధికారిగా పోరాడారు. 1918లో పోలండు స్వతంత్రం కాగా స్వదేశ సైన్యంలో చేరి, ఒక అశ్విక పటాలానికి నాయకత్వం వహించారు.

1939 సెప్టెంబరు 1న జర్మనీ, 17న సోవియట్ యూనియన్ పోలండుపై దండెత్తాయి. అశ్విక బ్రిగేడును నడిపిన ఆండర్స్ గాయపడి సోవియట్ సేనకు చిక్కారు. మాస్కోలోని లుబ్యాంకా చెరసాల ఆయనకు నివాసమైంది. 1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్‌పై దండెత్తగానే నిన్నటి శత్రువులు మిత్రులయ్యారు. ఆగస్టులో ఆయనను విడిపించి, ఆ దేశంలో చెరపడిన పోలిష్ ప్రజలతో సైన్యాన్ని నిర్మించే బాధ్యత అప్పగించారు.

శ్రమశిబిరాల నుండి ఎముకల గూళ్లవంటి మనుషులు తరలివచ్చారు. కాని వేలాది అధికారుల జాడ లేదు. స్టాలిన్‌ను స్వయంగా అడిగినా నిజం తెలియలేదు. సోవియట్ పాలకులు 1940లోనే వారిని కాటిన్ మొదలైన చోట్ల కాల్చి చంపించారన్న సత్యం తరువాత వెల్లడైంది.

1942లో సుమారు 1,15,000 మంది ఇరాన్‌కు తరలిపోయారు. వారందరూ సైనికులు కారు; స్త్రీలు, వృద్ధులు, అనాథ బాలలు వేలాదిగా ఉన్నారు. సైనికులు తమ తిండిలోనే వారికి పాలు పంచారు. సోవియట్ భూమి నుండి బయటపడిన అట్టి బాలలలో వందలాది మందికి నవానగర్ మహారాజు దిగ్విజయ్‌సింహ్‌జీ బాలాచడిలో ఆశ్రయమిచ్చారు.

ఇటలీలో రోమ్ నగరానికి పోయే దారిని మోంటే కాసినో కొండ అడ్డగించింది. భారతీయ సైనికులతో సహా మిత్రసేనలు పలుమార్లు ప్రయత్నించినా అది లొంగలేదు. 1944 మే 18న ఆండర్స్ సైనికులు అక్కడి మఠ శిథిలాలపై పోలండు పతాకాన్ని ఎగురవేశారు. ఆ పోరులో తొమ్మిది వందలమందికి పైగా పోలిష్ సైనికులు ప్రాణార్పణ చేశారు.

1945 ఫిబ్రవరిలో యాల్టా సమావేశంలో మిత్రదేశాలే తూర్పు పోలండును సోవియట్ యూనియన్‌కు వదలిపెట్టాయి. ఆండర్స్ సైనికులలో అధికులు ఆ ప్రాంతంవారే. ఇక ఎవరికోసం పోరాడాలి? సేనను ఉపసంహరించుకొంటానన్నారు ఆండర్స్. తమ స్థానంలో నిలిచేందుకు వేరొక సేన లేదని తెలిసి ఆగిపోయారు. ఏప్రిల్‌లో ఆ సైనికులే బొలోనా నగరంలో ప్రవేశించారు.

1946లో పోలండు కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. 1970లో లండన్‌లో ప్రవాసిగానే కన్నుమూసిన ఆండర్స్, మోంటే కాసినోలో తన సైనికుల నడుమ శాశ్వత నిద్ర పొందారు. ఆయన గెలిచిన కొండ ఆయనకు దక్కింది. పుట్టిన నేల దక్కలేదు. అయినా ఆయన వెంట చెరనుండి వెలువడినవారి బ్రతుకులే ఆయన జీవితానికి సార్థకత.

పదాలు – అర్థాలు

ఏలుబడి = పరిపాలన
పటాలం = సైనికదళం
ప్రవాసి = పరదేశంలో నివసించేవాడు

సంధి: ప్రాణ + అర్పణ = ప్రాణార్పణ (సవర్ణదీర్ఘ సంధి)

ప్రశ్నలు

1. ఆండర్స్ చెర నుండి విడుదల కావడానికి దారితీసిన పరిస్థితులేవి?
2. యాల్టా నిర్ణయం తరువాత కూడా ఆండర్స్ యుద్ధరంగాన్ని వీడకపోవడం సమంజసమేనా? చర్చించండి.