యంత్రశాలలో ఎలుకలు: పంచాయతీ చేయదగిన పని

సార్వా కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యము ఇండ్లకు చేరిన పిమ్మట పొలము బోసిపోవును. అంతవరకు గట్లలో కలుగులు త్రవ్వుకొని, వెన్నులు కొరికి బ్రతికిన ఎలుకలకు మేతయు మరుగును ఒక్కసారిగా కరవగును. అప్పుడవి ఊరి దారి పట్టును. మార్గశిర పుష్య మాసముల చలిలో వానికి కావలసినది పొడిగా, వెచ్చగా, జనసంచారము లేకుండ ఉండు చోటు. దగ్గరలో నాలుగు గింజలు. ఇట్టి చోటు గ్రామములో ఎక్కడ కలదని వెదకినచో పెక్కు ఊళ్ళలో అది పంచాయతీవారి ట్రాక్టరు షెడ్డే యగును.

ధాన్యమును ఎలుకల నుండి కాపాడుట గురించి మన రైతులకు తరతరాల అనుభవమున్నది. యంత్రమును కాపాడుట గురించిన అనుభవము ఇంకను కొత్తది. తెలంగాణములో పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద 2019 మొదలుకొని గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు, నీటి ట్యాంకర్లు సమకూడినవి. రెండు రాష్ట్రములలోను రైతుల వద్ద కోతయంత్రములు, రోటవేటర్లు, మందు చల్లు పంపులు పెరిగినవి. వీనిలో చాల భాగము ఏడాదిలో కొద్ది వారములు మాత్రమే పనిచేసి, మిగిలిన కాలమంతయు కదలక పడియుండును. కదలని యంత్రము ఎలుకకు కట్టి ఇచ్చిన ఇల్లు.

ఎలుక ముందుపండ్లు బ్రతికినంత కాలము పెరుగుచునే యుండును. వానిని అరగదీసికొనుటకు అది ఆకలి లేకున్నను కొరుకును. తీగలపై నుండు ప్లాస్టిక్ తొడుగు దానికి చక్కని వాటము. తొడుగు పోయిన రెండు తీగలు ఒకదాని నొకటి తాకినచో నిప్పురవ్వ పుట్టును. ప్రక్కనే ఎండుగడ్డితో కట్టిన గూడు, డీజిలు తడి ఉండనే యున్నవి. అంత దూరము పోకున్నను నష్టము చిన్నది కాదు. ఎయిర్ క్లీనరులో గూడు కట్టినచో ఇంజనుకు గాలి ఆడదు; గడ్డిపరకలు లోనికి పోయినచో మరమ్మతు మరింత పెద్దదగును. మాఘమాసము దాటి, నీటి ఎద్దడి మొదలై, ట్యాంకరు లాగవలసిన ఉదయమున తాళపుచెవి త్రిప్పగా ఇంజను పలుకకపోయినచో ఆ వీధివారికి సమాధానము చెప్పవలసినవారు వార్డు సభ్యులే. ఇంకొక సంగతి మరువరాదు. ఎలుక ఉన్న చోటికి దానిని వెదకుకొనుచు నాగుపాము వచ్చును. చీకటిలో సీటు క్రింద చేయి పెట్టు డ్రైవరు, ట్రాలీ ప్రక్క నిలుచు పారిశుద్ధ్య కార్మికుడు దాని వాత పడవచ్చును.

శత్రువును గుర్తించి పని మొదలుపెట్టవలెను. షెడ్డులలో చేరునవి ముఖ్యముగా మూడు. పందికొక్కు నేలను త్రవ్వి, పునాది క్రిందుగా వచ్చును. కలుగు ముఖమున మట్టికుప్ప దాని ఆనవాలు. ఇంటి ఎలుక ఎగబ్రాకుటలో నేర్పరి. గోడమీదుగా, చెట్టుకొమ్మ మీదుగా, విద్యుత్తు తీగ మీదుగా వచ్చి, కప్పుకును గోడకును మధ్యనున్న సందులో దూరును. చిట్టెలుకకు దారి కావలసినదే లేదు. పెన్సిలు దూరు సందున అదియు దూరును. ముక్కు సాగి, దుర్వాసన కొట్టుచు, కీచుమని గోడవెంట పరుగెత్తు చుంచును కూడ మనవారు ఈ లెక్కలోనే కలిపి చంపుచుందురు. అది తీగలు కొరుకు జాతి కాదు. బొద్దింకలను, పురుగులను తిని బ్రతుకును. దానిని దాని మానాన విడువవచ్చును.

ఏది వచ్చుచున్నదో తెలిసికొనుటకు మన ఇంటి ముగ్గుపిండి చాలును. సాయంకాలము షెడ్డు మూలలందు, తలుపు వద్ద, టైర్ల చుట్టు దానిని పలుచగా చల్లి, ఉదయమున చూచినచో అడుగుజాడలు, తోక ఈడ్చిన గీత కనిపించును. ఏ సందు నుండి వచ్చినది, ఎటు పోయినది తెలియును. పెంటికలు బియ్యపు గింజకంటె చిన్నవైనచో చిట్టెలుక. అరంగుళము పొడవున్నచో ఇంటి ఎలుక. అంతకు మించినచో పందికొక్కు అని ఎంచవచ్చును.

ఇక అసలు పని కన్నములు మూయుట. మందుకు, బోనుకు పెట్టు శ్రద్ధలో సగము దీనిపై పెట్టినను ఎంతో మేలు కలుగును. గుడ్డపేలికలు, గోనెసంచులు కూరి మూసితిమని తృప్తిపడుట కంటె మూయకుండుటయే నయము. అవి గూటికి పరుపగును. మట్టితో మెత్తినను ఒక్క రాత్రిలో తవ్వి పోయును. పాత్రలు తోము స్టీలు పీచును గట్టిగా కూరి, దానిపై సిమెంటు పూయవలెను. పెద్ద కన్నమైనచో కంకరయు పగులగొట్టిన గాజుపెంకులును వేసి కాంక్రీటు పోయవలెను. గాలి వెలుతురులకై విడిచిన కిటికీలకు, గవాక్షములకు ఇనుపవల బిగించునప్పుడు వల కన్ను 6 మిల్లీమీటర్లకు మించరాదు. కోళ్ళ దొడ్డికి వాడు వల చిట్టెలుకను ఆపజాలదు. తలుపు క్రింద వ్రేలు దూరు సందున్నచో తక్కిన శ్రమ యంతయు వృథా. చెక్క తలుపైనచో అడుగున ఒక అడుగు ఎత్తు వరకు రేకు కొట్టవలెను. షట్టరైనచో దాని అంచు ఆనునట్లు గడపను సరిచేయవలెను. కొత్త షెడ్డు కట్టదలచిన పంచాయతీలు పునాది చుట్టు 2 అడుగుల లోతున కాంక్రీటు గోడ దింపి, దాని అడుగును వెలుపలికి ఒక అడుగు చాచినట్లు పోయించినచో పందికొక్కు బాధ చాలవరకు తీరును. అది గోడవెంట దిగి, అడ్డు తగిలిన చోట ఆగిపోవును గాని, వెనుకకు జరిగి త్రవ్వవలెనని దానికి సాధారణముగా తోచదు.

షెడ్డు గోడకు ఆనుకొని గడ్డివాము వేయనిచ్చుట మన ఊళ్ళలో చాలచోట్ల కనిపించు పొరపాటు. మొహమాటముచే ఎవరును కాదనరు. గోడ చుట్టు కనీసము ఒక గజము మేర పిచ్చిమొక్కలు లేకుండ శుభ్రముగా ఉంచి, కప్పుపైకి వంగిన కొమ్మలు నరికించవలెను. షెడ్డులోనే మధ్యాహ్న భోజనపు బియ్యమో, విత్తన వేరుశనగయో నిలువచేయుట మరియొక పొరపాటు. గింజయు యంత్రమును ఒక్క కప్పు క్రింద ఉండరాదు. తప్పని చోట గింజను ఇనుప పీపాలలో మూతబెట్టి, గోడకు దూరముగా బల్లపై ఉంచవలెను.

యంత్రమును నిలుపుటకు ముందు కడిగి, ఆరబెట్టి, ఇరుకులలో చిక్కిన గడ్డిని, గింజలను ఊడ్చివేయవలెను. కోతయంత్రపు తొట్టిలో, గింజనెత్తు గొట్టములలో మిగిలిన ధాన్యము ఒక ఎలుక కుటుంబమునకు ఆ శీతకాలమంతయు సరిపోవును. సీటు క్రింద పాత గుడ్డలు, తినుబండారముల పొట్లాలు ఉంచరాదు. బండిని గోడకు గజము ఎడముగా నిలుపవలెను. ఎలుక మీసములు గోడకు తాకించుకొనుచు నడచు జంతువు. బహిరంగమైన నేలపై నడచుటకు జంకును. పొగగొట్టము మూతికి రేకుడబ్బా బోర్లించి, గాలి పీల్చు మార్గమునకు సన్నని ఇనుపవల కట్టి, ఈ రెండింటిని తీయవలెనని చీటి వ్రాసి స్టీరింగుకు వ్రేలాడదీయవలెను. ఈ చీటి మరచి ఇంజను నడిపి నష్టపడినవారును కలరు. బ్యాటరీ తీగలు, ముందుగా ఋణధ్రువపు తీగను, విప్పియుంచినచో కొరికినను నిప్పు పుట్టదు. టార్పాలిను నేల వరకు కప్పుట మంచిది కాదు; అది ఎలుకకు డేరా యగును. బానెట్టు ఎత్తి ఉంచినచో లోన వెలుతురు పడి, గూటికి అనువు తప్పును. వారమున కొకసారి బానెట్టులోపల చూచి, మూతలు తీసి, బ్యాటరీ తగిలించి, ఇంజను నడిపి, బండిని నాలుగడుగులు కదిలించుట అన్నిటికంటె మేలు.

కలరా ఉండలు వేసితిమి, వేపాకు పెట్టితిమి, చప్పుడు చేయు విద్యుత్తు పెట్టె కొంటిమి అని కొందరు చెప్పుదురు. కలరా ఉండల వాసన మూసిన గదిలో మనుష్యునికే హానికరము. ఎలుక ఒకటి రెండు రోజులు వెనుకాడి, పిదప అలవాటు పడును. ఆ పెట్టె సంగతియు అంతే. పంచాయతీ ధనమును వీనిపై వెచ్చించుట తగదు.

లోన చేరినవానికి బోనులు పెట్టవలెను. ఇంటి ఎలుకకును, పందికొక్కుకును కొత్త వస్తువన్న అనుమానము మెండు. బోనును రెండు మూడు రాత్రులు బిగింపకుండ, కాల్చిన కొబ్బరిముక్కయో ఎండుచేపయో దారముతో కట్టి ఉంచి, అవి నమ్మి తినుట మొదలిడిన పిదప బిగింపవలెను. చిట్టెలుకకు అంత జంకు లేదు. మొదటి రాత్రియే పడును. బోనులు గోడవెంట ఉండవలెను. ఒకటి రెండు చాలవు, ఒకేసారి పది పన్నెండు పెట్టుట లాభకరము. పట్టినవానిని ఊరి చివర వదలుట పొరుగువాని ఇంటికి పంపుటయే. జిగురు అట్టలు వాడరాదు. బల్లులు, పిచ్చుకలు కూడ వానికి అంటుకొని చచ్చును.

విషపు మందును షెడ్డులోపల పెట్టకుండుటయే మంచిది. యంత్రము సందులో చచ్చిన ఎలుక కంపు కొట్టును; దానిని తిన్న పిల్లియు, గుడ్లగూబయు నష్టపోవును. వెలుపలి కలుగులకు మాత్రము, వ్యవసాయాధికారి సలహాపై, 96 పాళ్ళు నూకలకు 2 పాళ్ళు నూనెయు, 2 పాళ్ళు 0.25 శాతపు బ్రోమాడయోలోన్ పొడియు కలిపి, చేతులకు తొడుగులు వేసికొని, కాగితపు పొట్లములలో కలుగు లోపలికి పెట్టవచ్చును. ఎలుకలు కొన్ని దినములకు గాని చావవు; కావున మందును అనుమానింపవు. జింకు ఫాస్ఫైడుకు విరుగుడు లేదు. పిల్లలు తిరుగు చోట దాని జోలికి పోరాదు. పెంటికలను పొడిగా ఊడ్చినచో ఆ దుమ్ము ఊపిరితో లోనికి పోవును. బ్లీచింగు పొడి కలిపిన నీటితో తడిపి తుడిచి, చచ్చినవానిని రెండడుగుల లోతున పాతిపెట్టవలెను. వాని మూత్రము వలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము సోకును. తడిలో వట్టికాళ్ళతో పనిచేయువారికి, పుండ్లున్నవారికి అపాయము ఎక్కువ.

ఒక్క షెడ్డును బాగుచేసినంత మాత్రమున పని ముగియదు. ప్రక్క ఇంటి గాదె, ఎదుటి రైతు వాము, పాఠశాల వంటగది అట్లే ఉన్నచో ఎలుకలు మరల వచ్చును. ఈ కారణముననే ఇది ఒక్కొక్క గృహస్థుని పని గాక పంచాయతీ పని యగుచున్నది. కోతలకు ముందే, దీపావళి నాటికి, గ్రామసభలో దినములు నిర్ణయించి, వార్డుల వారీగా ఒకే వారములో కన్నములు మూయించుట, బోనులు పెట్టించుట, చెత్తకుప్పలు తొలగించుట జరుగవలెను. పొలము గట్లపై కలుగులు గుర్తించి పట్టుటలో యానాదుల నేర్పు పేరుపొందినది. వెదురు, తాటాకు బుట్టలతో ఎలుకలు పట్టువారు డెల్టా గ్రామములలో నేటికిని కలరు. వారిని పిలుచునప్పుడు ఎలుకకు ఇంతయని కూలి ముందుగా తీర్మానించి, పని ముగిసిన నాడే చెల్లించవలెను. పంచాయతీ బిల్లుల చుట్టు వారిని త్రిప్పినచో మరుసటి ఏడు రారు.

పని జరుగు క్రమములో ఒక మెలకువ కలదు. లోన ఎలుకలుండగనే అన్ని సందులు మూసినచో అవి కొత్త కన్నము చేసికొనును, లేదా లోననే చచ్చి పురుగుపట్టును. ఒక్క సందు తప్ప తక్కినవన్నియు ముందు మూసి, దాని వద్దనే బోనులు పెట్టి, ప్రతి రాత్రి ముగ్గుపిండి చల్లి చూచుచుండవలెను. వరుసగా మూడు ఉదయములు పిండిపై అడుగుజాడ ఒక్కటియు కనబడనప్పుడు ఆ చివరి సందులో స్టీలు పీచు కూరి, సిమెంటు పూయించి, తేదీని పంచాయతీ పుస్తకములో వ్రాయించవలెను.